దొరతనానికి పుట్టిల్లు

ఇంగ్లీషులో అధికారాన్ని చెప్పే మాటల్లో ‘లార్డ్’ చాలా ఘనమైనది. దేవుడికీ ఆ మాటే. బ్రిటిష్ పార్లమెంటు ఎగువసభ సభ్యుడికీ ఆ మాటే. హైదరాబాదులోనో అమరావతిలోనో హైకోర్టు న్యాయమూర్తి ఎదుట నిలబడిన వకీలు నోటా ఆ మాటే. పాత ఇంగ్లీషులో దాని రూపం ‘హ్లాఫ్‌వేర్డ్’. హ్లాఫ్ అంటే రొట్టె, వేర్డ్ అంటే కావలివాడు. ఇంట్లో తిండి ఎవరి అదుపులో ఉందో వాడు లార్డ్. ఆ ఇంటి ఆడమనిషి ‘హ్లాఫ్‌డీజే’, అంటే రొట్టె పిండి పిసికేది. ఆ మాటే అరిగి అరిగి ‘లేడీ’ అయింది. వాళ్ల కింద పనిచేసుకు బతికేవాడు ‘హ్లాఫ్‌ఏట’, రొట్టె తినేవాడు. క్రీ.శ. 600 ప్రాంతంలో కెంట్ రాజు ఏథెల్‌బెర్ట్ చేసిన చట్టాల్లో ఈ చివరి మాట కనిపిస్తుంది. ఒక స్వతంత్ర రైతు దగ్గర రొట్టె తినేవాణ్ణి ఎవరైనా చంపితే 6 షిల్లింగులు చెల్లించాలని అందులో ఉంది. కాచేవాడు, పిసికేది, తినేవాడు అంటూ ఒక్క రొట్టె చుట్టూ మనుషులను మూడు అంతస్తుల్లో నిలబెట్టిన అమరిక అది.

ఇంటికీ రాజ్యానికీ మధ్య గడప ఒక హద్దు అన్న ఆలోచన మనకు బాగా అలవాటు. గడప బయట చట్టం, పోలీసు, పన్ను, ఎన్నికలు. గడప లోపల ప్రేమ, బాధ్యత, పెద్దల మాట. రాజకీయాలు ఇంట్లోకి రాకూడదంటాం, ఇంటి గుట్టు వీధిన పడకూడదంటాం. ఇంగ్లీషు భాష తన పాలనా పదాల్లో దాచుకున్న చరిత్ర ఇందుకు సరిగ్గా ఎదురు చెబుతోంది. అధికారం ఎక్కడో కోటలో పుట్టి ఇంట్లోకి చొరబడలేదు. ఇంట్లో పుట్టి, అక్కడ పెరిగి, కోటగా, కచేరీగా, సామ్రాజ్యంగా విస్తరించింది. మన పెద్దలు ఒకప్పుడు ప్రభుత్వాన్ని ‘దొరతనం’ అనేవారు. ఆ దొరతనానికి ఇల్లు పుట్టిల్లు. ఈ సంగతిని ఒప్పుకుంటే, పాలకుడు తనను తాను ఇంటిపెద్దగా చెప్పుకున్నప్పుడు దాన్ని ఉత్త ఆప్యాయతగా తీసుకోలేం. ఇంటి లోపలి వ్యవహారాలకు చట్టంతో పనేమిటన్న వాదనను అసలే ఒప్పుకోలేం.

లాటిన్‌లో ఇల్లు ‘డోముస్’, ఇంటి యజమాని ‘డోమినుస్’. బానిస తన యజమానిని పిలిచే పిలుపు అది. రోమ్ తొలి చక్రవర్తి అగస్టస్ తనను ఎవరూ డోమినుస్ అని పిలవకూడదని ఆంక్ష పెట్టాడు. స్వతంత్ర పౌరులను ఇంటి బానిసల్లా చూస్తున్నాడన్న పేరు రావడం అతనికి ఇష్టం లేదు. మూడు శతాబ్దాలు తిరిగేసరికి, డయోక్లీషియన్ కాలంలో అదే పిలుపు చక్రవర్తికి మామూలు బిరుదైపోయింది. ఆ మాట సంతానం ఇంగ్లీషు నిండా ఉంది. డొమైన్, డామినేట్, మేడమ్ దాని పిల్లలే. 1947 ఆగస్టు 15న మనకు దక్కిన హోదా పేరు కూడా డొమినియన్; 1950 జనవరి 26 దాకా అదే కొనసాగింది. అన్నిటికన్నా ఆలోచింపజేసేది ‘డేంజర్’. పాత ఫ్రెంచిలో ఆ మాటకు ప్రభువు అధికారం అని అర్థం. ఒకరి డేంజర్‌లో ఉండటమంటే, అతను తలచుకుంటే మనకు హాని చేయగల స్థితిలో ఉండటం. యజమాని చెయ్యి ఎత్తనక్కర్లేదు, ఎత్తగలడన్న ఎరుక చాలు. ప్రమాదం అన్న అర్థానికి ఆ మాట చేరుకున్న దారి ఇదే. ‘ఫ్యామిలీ’ కూడా మొదట్లో అమ్మానాన్నల, పిల్లల పేరు కాదు. లాటిన్ ‘ఫములుస్’ అంటే ఇంటి సేవకుడు. ‘ఫమిలియా’ అంటే ఒక యజమాని కింద బతికే బానిసల, సేవకుల సమూహం. 17వ శతాబ్దంలో కూడా ఇంగ్లండులో ఒక పెద్దమనిషి ‘నా ఫ్యామిలీ’ అంటే అందులో పనివాళ్లూ ఉండేవారు.

గ్రీకు మాట ‘డెస్పొతేస్’ మనకు ఇంకా దగ్గరగా వస్తుంది. ఇంగ్లీషులో నిరంకుశ పాలకుణ్ణి డెస్పాట్ అనడం దీని నుంచే. ఇందులో మొదటి ముక్క ఇల్లు, రెండో ముక్క అధిపతి. భాషాశాస్త్రవేత్తలు దీనికి తోబుట్టువుగా చూపించే సంస్కృత పదం ‘దంపతి’. ఋగ్వేదంలో ఏకవచనంలో ఆ మాటకు గృహ యజమాని అని అర్థం. ద్వివచనంలో వస్తే భార్యాభర్తలిద్దరూ. మన పెళ్లి శుభలేఖల మీద ‘నూతన దంపతులు’ అని అచ్చయ్యేది ఆ రెండో అర్థమే. ఒకే మూలం ఒక నేల మీద నియంతగా, మరో నేల మీద ఆలుమగలుగా తేలింది. ఇది చూసి మన ఇల్లు మొదటి నుంచీ సమానత్వపు ఇల్లని గర్వపడాలని ఎవరికైనా అనిపించవచ్చు. ఆధారాలు మాత్రం అంత దూరం రావు. ‘పతి’ ఒక్కటే చూస్తే అది అధిపతి, మొగుడు కూడా. ఇదే మూలం లాటిన్ మీదుగా ఇంగ్లీషుకు వెళ్లి ‘పవర్’ అయింది. సేనాపతి, భూపతి, రాష్ట్రపతి అంటూ మనం పతిని గద్దెల మీద కూర్చోబెట్టాం. 2007లో ప్రతిభా పాటిల్ ఆ పదవికి పోటీ చేసినప్పుడు ఏమని పిలవాలన్న చర్చ లేచింది. 2022లో ద్రౌపదీ ముర్మును ఒక ఎంపీ ‘రాష్ట్రపత్ని’ అన్నందుకు పార్లమెంటు అట్టుడికింది. ఆ ఎంపీ అన్నది తప్పే. కానీ పతికి స్త్రీలింగ రూపం వేయగానే ఏలిక మాయమై భార్య ఒక్కతే మిగలడానికి కారణం ఒకరి నోటి దురుసులో లేదు. ఏలేవాణ్ణీ మొగుణ్ణీ ఒకే మాటతో పిలుచుకున్న మన పాత ఇంట్లో ఉంది.

పదవుల పేర్లు ఈ కథను మరింత విప్పి చెబుతాయి. ‘స్టీవార్డ్’ మొదట ఇంటి హాలును కాచే నౌకరు. స్కాట్లండ్ రాజుల ఇంటి వ్యవహారాలు తరతరాలుగా చూసిన ఒక వంశం ఆ కొలువునే ఇంటిపేరుగా పెట్టుకుంది. 1371లో ఆ వంశస్థుడు రెండో రాబర్ట్ స్కాట్లండ్ రాజయ్యాడు. 1603లో అదే వంశపు ఆరో జేమ్స్ ఇంగ్లండ్ కిరీటం కూడా అందుకున్నాడు. చరిత్ర పుస్తకాల్లో మనం చదివే స్టువర్ట్ రాజవంశం ఇదే. ‘కానిస్టేబుల్’ లాటిన్‌లో గుర్రపుశాల మీద అధికారి. ‘మార్షల్’ గుర్రాలకు చాకిరీ చేసే మనిషి. మొదటిది దిగి దిగి మన పోలీసు స్టేషన్‌లో కింది మెట్టు చేరింది. రెండోది ఎక్కి ఎక్కి 1973లో మానెక్‌షాకు, 1986లో కరియప్పకు ఇచ్చిన ఫీల్డ్ మార్షల్ హోదా అయింది. ‘మినిస్టర్’ అంటే సేవకుడు. ‘కేబినెట్’ అంటే లోపలి చిన్న గది. 13వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజు బట్టల గది, అంటే ‘వార్డ్‌రోబ్’, యుద్ధాలకు డబ్బు చెల్లించే శాఖగా పనిచేసింది. రాజుగారి పడకగదికి, గుర్రపుశాలకు, వంటింటికి దగ్గరగా మసలినవాళ్ల చేతికి దేశం వచ్చింది. ఇంటి నౌకరు లెక్క చెప్పేది యజమానికే గానీ ఊరికి కాదు. కాబట్టి ఆ పదవుల్లో ఉన్నవాళ్లు ప్రజలకు లెక్క చెప్పాలన్న ఊహ పుట్టి నిలదొక్కుకోవడానికి శతాబ్దాలు పట్టింది. పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్ పట్టుబట్టి తెచ్చిన 1782 చట్టం రాజుగారి ఇంటి కొలువులను ఎన్నింటినో రద్దుచేసింది, గ్రేట్ వార్డ్‌రోబ్‌తో సహా. అదే ఏడాది బ్రిటన్‌లో హోం శాఖ ఏర్పడింది. రాజు ఇల్లు, రాజ్యం ఒకటి కావని కాగితం మీద గీత గీయడం ఎంత ఆలస్యంగా మొదలైందో ఈ తేదీ చూస్తే తెలుస్తుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. మాట పుట్టుక వేరు, మాట అర్థం వేరు. ‘మై లార్డ్’ అన్న వకీలు రొట్టెను తలచుకోడు, కానిస్టేబుల్‌ను చూసి ఎవరికీ గుర్రాలు గుర్తురావు. వ్యుత్పత్తిని పట్టుకుని సమాజాన్ని చదవడం పండితుల పాత బలహీనత. పైగా 2,300 ఏళ్ల కిందటే అరిస్టాటిల్ తన ‘పాలిటిక్స్’ మొదట్లోనే ఇల్లు నడపడమూ నగరాన్ని పాలించడమూ ఒకటే అనేవాళ్లు పొరబడుతున్నారని తేల్చాడు కదా అని కూడా అడగవచ్చు. అభ్యంతరం న్యాయమైనదే. మాటల పుట్టుక ఒక్కటే ఆధారమైతే నా వాదన నిలబడదు. కానీ మాటలు ఆనవాళ్లు మాత్రమే. రుజువు చట్టాల్లో ఉంది. 1351లో ఇంగ్లండ్ రాజద్రోహ చట్టం చేసినప్పుడు, రాజుకు ద్రోహం చేయడం పెద్ద రాజద్రోహమని, సేవకుడు యజమానిని చంపినా, భార్య భర్తను చంపినా చిన్న రాజద్రోహమని రాసింది. భర్త భార్యను చంపితే అది మామూలు హత్య. భార్య భర్తను చంపితే రాజ్యం మీద తిరుగుబాటుకు చిన్నరూపం. ఆ నేరానికి ఆడవాళ్లను సజీవంగా కాల్చే శిక్ష 1790 దాకా చట్టంలో ఉంది. చిన్న రాజద్రోహం అన్న నేరం 1828లో గానీ రద్దు కాలేదు. ఇది కవుల ఉపమానం కాదు, న్యాయస్థానాల్లో మనుషుల ప్రాణాలు తీసిన నిర్వచనం. అరిస్టాటిల్ ఇంటినీ నగరాన్నీ వేరు చేసిన మాట నిజమే. అయితే ఇంట్లో భార్య మీద, బానిస మీద యజమాని ఏలుబడిని సహజమని ఒప్పుకున్నాకే వేరు చేశాడు. నగరంలోని పౌరులకు సమానత్వం, గడప లోపల యజమాని ఏలుబడి. ఆ విభజనే నేటికీ మన మెడకు చుట్టుకుని ఉంది.

ఇంటినీ రాజ్యాన్నీ బాహాటంగా ఒకటి చేసిన పుస్తకం రాబర్ట్ ఫిల్మర్ రాసిన ‘పేట్రియార్కా’. అతను పోయాక, 1680లో అచ్చయింది. ఆదాముకు తండ్రిగా దేవుడిచ్చిన అధికారమే రాజులకు సంక్రమించిందని, బిడ్డలు తండ్రిని ఎన్నుకోనట్టే ప్రజలు రాజును ఎన్నుకోలేరని అతని వాదం. తత్వవేత్త జాన్ లాక్ ఒక పుస్తకమంతా దీన్ని ఖండించడానికే వెచ్చించాడు. ఆ ఖండనలో ఒక చిన్న మెలిక నాకు అపురూపంగా తోస్తుంది. బైబిలు ఆజ్ఞ తండ్రిని ఒక్కణ్ణే గౌరవించమనలేదు, తల్లినీ గౌరవించమంది. మరి అధికారం ఆ గౌరవం నుంచే వచ్చేటట్టయితే తల్లికి వాటా ఏదని లాక్ నిలదీశాడు. నిరంకుశత్వాన్ని కూల్చడానికి అతనికి దొరికిన పనిముట్టు ఇంట్లోని రెండో మనిషి. రాజును తండ్రి స్థానం నుంచి దించిన ఆ వాదాన్ని భర్త దాకా తీసుకుపోయే పని మాత్రం అతని తరం చేయలేదు. ఇంగ్లండులో పెళ్లయిన ఆడదానికి సొంత ఆస్తి మీద పూర్తి హక్కు రావడానికి 1882 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ రెండో మనిషికి ఏమైందో మాటలే సాక్ష్యం చెబుతాయి. ‘హజ్బెండ్’ నార్స్ భాష నుంచి వచ్చింది. ఇల్లూ వాకిలీ సేద్యమూ ఉన్న గృహస్థుడని అర్థం. వ్యవసాయాన్ని ‘హజ్బెండ్రీ’ అనడం అందుకే. అతనికి జోడైన ‘హౌస్‌వైఫ్’ జనం నోళ్లలో నలిగి ‘హస్సీ’ అయింది, అది తిట్టుమాట. ‘మాస్టర్’ పండితుడయ్యాడు, నిపుణుడయ్యాడు. ‘మిస్ట్రెస్’ ఉంపుడుగత్తె అయింది. ఇది మాటల సహజమైన అరుగుదల అనుకుంటే, అరుగుదల ఒకే వైపు జరగడానికి కారణం చెప్పాలి. మగవాడి ఇంటి పెత్తనాన్ని చెప్పే మాటలు గడప దాటి రాజ్యంలో స్థానం సంపాదించాయి. ఆడదాని పెత్తనాన్ని చెప్పే మాటలు గడప దాటగానే పరువు పోగొట్టుకున్నాయి. దీనికి మినహాయింపు లేకపోలేదు. 911 నుంచి 918 దాకా ఇంగ్లండులోని మెర్సియా రాజ్యాన్ని ఏలిన ఏథెల్‌ఫ్లేడ్‌ను ఆనాటివాళ్లు మెర్సియన్ల ‘లేడీ’ అన్నారు. కోటలు కట్టించి, డేన్లతో యుద్ధాలు నడిపించిన పాలకురాలామె. అంటే లేడీ అన్న మాటకు ఏలిక అర్థం ఒకప్పుడు నిజంగానే ఉంది. పోయింది మాటలోని సత్తువ కాదు, ఆ స్థానంలో ఆడవాళ్లు కూర్చునే అవకాశం.

వలస పాలనలో ‘హోం’ అన్న మాటకు వచ్చిన బరువు మన సొంత చరిత్ర. ఈ దేశంలో కొలువు చేసిన ఇంగ్లీషువాళ్లకు హోం అంటే ఇంగ్లండ్. భారతదేశ ఆదాయం నుంచి లండన్‌లో ఖర్చుపెట్టే మొత్తాలకు ‘హోం చార్జీలు’ అని పేరు. రిటైరైన అధికారుల పెన్షన్లు, రైల్వేల మీద హామీ ఇచ్చిన వడ్డీ, ఇండియా ఆఫీసు ఖర్చులు అన్నీ అందులోవే. లండన్‌లో కూర్చుని మనల్ని ఏలే భారత వ్యవహారాల మంత్రి జీతం కూడా 1919 చట్టం వచ్చేదాకా మన పన్నుల నుంచే వెళ్లింది. దాదాభాయి నౌరోజీ లెక్కలు కట్టి చూపిన సంపద తరలింపులో ఇదొక పెద్ద పాయ. మన ధాన్యం, వాళ్ల ఇల్లు. అందుకే ఐర్లండ్‌లో ఐజాక్ బట్ 1870లో మొదలుపెట్టిన ఉద్యమం ‘హోం రూల్’ అన్న పేరుతో ఎదిగి, బ్రిటిష్ ప్రధాని గ్లాడ్‌స్టన్ 1886లో, 1893లో తెచ్చిన బిల్లుల మీదుగా మన దాకా వచ్చినప్పుడు ఆ పేరులో పదును ఉంది. 1916 ఏప్రిల్‌లో తిలక్, సెప్టెంబరులో అనీ బిసెంట్ హోం రూల్ లీగులు పెట్టారు. ఆంధ్రలో ఆ పని భుజాన వేసుకున్నవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. ఏది హోం, ఎవరిది హోం అన్న ప్రశ్నను పాలకుల మాటతోనే పాలకుల ముందుంచిన ఉద్యమం అది. స్వాతంత్ర్యం వచ్చాక మాత్రం మాట మళ్లీ పాత దారి పట్టింది. తెలుగువాళ్లకు హోం మంత్రి, హోం శాఖ, హోంగార్డు అంటే గుర్తొచ్చేది ఇల్లు కాదు, పోలీసు.

అన్నం పెట్టే పెత్తనం చేదు పెత్తనం ఎలా అవుతుందన్నది ఇంకో అభ్యంతరం. లార్డ్ అనే మాటలోనే రొట్టె ఉందంటే, ఆకలి తీర్చే బాధ్యత కూడా ఉన్నట్టే కదా. ఉంది, కాదనను. నడిరోడ్డు మీద ఒంటరిగా నిలబెట్టే స్వేచ్ఛ కన్నా నీడనిచ్చే ఆధీనం మేలని చరిత్రలో కోట్లమంది అనుకున్నారు. అయితే పెట్టే చెయ్యి మానేయగల చెయ్యి కూడా. తెలంగాణలో గడీల దొరల కాలం నాటి వెట్టిచాకిరీని ఎరిగిన నేల మీద ఈ సంగతిని పెద్దగా వివరించనక్కర్లేదు. మన రాజకీయం చుట్టరికాల భాషను గట్టిగా పట్టుకుంది. ఎన్టీ రామారావు ‘అన్నగారు’, మహిళా ఓటర్లు ‘ఆడపడుచులు’. 1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం లక్షల ఇళ్లలో ఆకలి తీర్చిందన్నది కాదనలేని నిజం. ఆ బియ్యం అన్న ఇచ్చిన కానుకగా గుర్తుండిపోతే, అన్న అలిగినప్పుడు చెల్లెలు ఏం చేయాలన్న ప్రశ్న మిగులుతుంది. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది. తిండిగింజలు హక్కయ్యాయి. అదే చట్టం 13వ సెక్షన్, రేషన్ కార్డు కోసం ఇంట్లో 18 ఏళ్లు నిండిన ఆడవాళ్లలో పెద్దామెనే కుటుంబ యజమానిగా గుర్తించాలంది. పథకం ఎంత బాగా అమలవుతోందన్నది వేరే లెక్క. తిండి తాళం చెవి ఎవరిదన్న ప్రశ్నకు ఒక రాజ్యం రాతపూర్వకంగా ఆడమనిషి పేరు చెప్పడం మాత్రం చిన్న మార్పు కాదు.

అసలు పోరు గడప దగ్గరే ఉంది. ప్రతి మనిషికీ తన ఇల్లు కోట అన్న ఇంగ్లీషు సూత్రానికి 1604 నాటి సేమేన్ కేసు పునాది. రాజభటుడైనా ఊరికే తలుపు బద్దలుకొట్టి లోపలికి రాకూడదన్న ఆ రక్షణ విలువైనదే. నేటి నిఘా కాలంలో మరీ విలువైనది. కానీ ఆ గోడ బయటివాణ్ణి ఆపింది గానీ లోపల కోట ఎవరిదో అడగలేదు. మన దగ్గర ఈ ప్రశ్నను సూటిగా ఎత్తుకున్నది 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. కాపురానికి రమ్మని జీవిత భాగస్వామి మీద కోర్టు ఉత్తర్వు తెచ్చుకునే వీలిచ్చే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని జస్టిస్ పి.ఎ. చౌదరి తీర్పు చెప్పారు. ఒక మనిషి శరీరం మీద నిర్ణయం ఆ మనిషిదే, రాజ్యానిది కాదు, మొగుడిదీ కాదన్నది దాని సారం. కొద్ది నెలలకే ఢిల్లీ హైకోర్టు ఇందుకు ఎదురు తీర్పు ఇస్తూ, ఇంట్లోకి రాజ్యాంగ సూత్రాలను తేవడం గాజు సామాన్ల దుకాణంలోకి ఎద్దును తోలినట్టే అన్నది. 1984లో సుప్రీంకోర్టు కూడా 9వ సెక్షన్‌ను నిలబెట్టింది. ఢిల్లీ కోర్టు భయాన్ని కొట్టిపారేయలేం. ప్రతి అలకా కేసైతే కాపురం నిలవదు. కానీ ఆ దుకాణంలో పగిలే సామాను ముందు నుంచే ఒకరి మీద పగులుతూ ఉంటే, తలుపు మూసి ఉంచడం శాంతిని కాపాడటం కాదు. బ్రిటన్‌లో ప్రభువుల సభ 1991లో భర్తకు అత్యాచార నేరం నుంచి ఉన్న మినహాయింపును తీసేసింది. మనం 2023లో భారతీయ న్యాయ సంహిత రాసుకున్నప్పుడు 63వ సెక్షన్‌లో ఆ మినహాయింపును, భార్యకు 18 ఏళ్లు నిండితే చాలని, అలాగే ఉంచుకున్నాం. ‘మై లార్డ్’ను 2006లో బార్ కౌన్సిల్ వద్దన్నది. అలా పిలవడం తప్పనిసరేమీ కాదని 2014లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కోర్టు హాలులో లార్డ్‌ను దించడానికి సిద్ధపడినవాళ్లం, పడకగదిలో లార్డ్‌ను దించడానికి ఇంకా తటపటాయిస్తున్నాం.

మార్పు రాలేదని కాదు. కూతురికి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా ఇచ్చే సవరణను ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు నుంచే అమల్లోకి తెచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు, 2005 దాకా పట్టింది. అదే ఏడు వచ్చిన గృహహింస చట్టం, ఇల్లు ఎవరి పేర ఉన్నా కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆడమనిషికి ఉందని చెప్పింది. అయినా ఇల్లూ సేద్యమూ కలిసిన చోట, హజ్బెండ్ అన్న మాట మొలిచిన చోట, లెక్క పెద్దగా మారలేదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని సాగు కమతాల్లో ఆడవాళ్ల ఆధీనంలో ఉన్నవి సుమారు 14 శాతమే. నాట్లు వేసే, కలుపు తీసే మనిషి పేరు పాసుపుస్తకంలో లేకపోతే పంట రుణం దగ్గర, బీమా దగ్గర ఆమె రైతు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పేదల ఇళ్ల స్థలాల పట్టాలను ఆడవాళ్ల పేర ఇచ్చారు. సర్కారు చేతిలోంచి వెళ్లే భూమి మీద ఆమె పేరు తేలిగ్గానే పడింది. తండ్రి చేతిలోంచి వచ్చే భూమి దగ్గరికి వచ్చేసరికి, మ్యుటేషన్ కోసం తహసీల్దారు కార్యాలయానికి వెళ్లే రోజున అన్నదమ్ముల ముందు పెట్టే కాగితం మీద, తన వాటా వదులుకుంటున్నట్టు ఆమె సంతకం చేసే ఆనవాయితీ ఇంకా సాగుతోంది.